వీకెండ్‌కి బ్యాంకాక్ వెళ్తున్నారా? ముందు ఏ ఏరియాలో దిగాలో తేల్చుకోండి

శుక్రవారం ఆఫీస్ అయ్యాక ఇంటికెళ్ళి బ్యాగ్ తీసుకుని శంషాబాద్ వెళ్ళిపోతే, రాత్రి పొద్దుపోయాక ఎక్కే డైరెక్ట్ ఫ్లైట్ మూడున్నర గంటల్లో బ్యాంకాక్‌లో దింపేస్తుంది. అక్కడి టైమ్ మనకంటే గంటన్నర ముందు కాబట్టి బయటికొచ్చేసరికి తెల్లారిపోతుంది. ఆదివారం రాత్రి తిరుగు ఫ్లైట్ పట్టుకుంటే సోమవారం పనికి కూడా ఇబ్బంది ఉండదు. అందుకే ఈమధ్య మనవాళ్ళు లాంగ్ వీకెండ్ కూడా చూడకుండా మామూలు శని, ఆదివారాలకే బుక్ చేసేస్తున్నారు. మంచిదే, నిజంగా రెండు రోజుల్లో తృప్తిగా చూసి రాగలిగే ఊరు అది.

కానీ అందరూ అడిగేది "అక్కడ ఏం చూడాలి" అని. దానికి యూట్యూబ్‌లో కావల్సినన్ని వీడియోలు ఉన్నాయి. వారం రోజులు ఉండేవాళ్ళకి హోటల్ ఎక్కడున్నా నడిచిపోద్ది, రెండు రోజులే ఉన్నవాళ్ళకి మాత్రం హోటల్ ఏ ఏరియాలో ఉందన్న దాని మీదే ట్రిప్ మొత్తం ఆధారపడి ఉంటుంది. బ్యాంకాక్ ట్రాఫిక్ అంటే సాయంత్రం పూట నాలుగు కిలోమీటర్లకి కార్లో ముప్పావు గంట కూర్చోవడం, అదీ వాన పడకపోతే. రెండు రోజుల్లో అలా మూడు నాలుగు సార్లు ఇరుక్కుంటే ఒక పూట మొత్తం రోడ్డు మీదే పోయినట్టు. కాబట్టి ఏ ఏరియా తీసుకున్నా రైలు స్టేషన్‌కో బోటు రేవుకో పది నిమిషాల నడకలో ఉన్న హోటల్ తీసుకోండి, వెయ్యి రూపాయలు ఎక్కువైనా సరే.

ఊరు ఎలా ఉంటుందో ముందు కాస్త బుర్రలో పెట్టుకోండి. పడమటి వైపు చావ్ ఫ్రాయా నది, దాని ఒడ్డున పాత ఊరు, గ్రాండ్ ప్యాలెస్, పెద్ద గుళ్ళు అన్నీ అక్కడే. మధ్యలో సియామ్, మాల్స్ అన్నీ అక్కడ. తూర్పుకి పొడుగ్గా సాగే రోడ్డు సుకుమ్విత్. పైన వెళ్ళే బీటీఎస్ స్కైట్రైన్ 1999లో మొదలైంది, దాని రెండు మెయిన్ లైన్లు సియామ్ స్టేషన్‌లో కలుస్తాయి, కానీ అది పాత ఊరికి వెళ్ళదు. ఎక్కువ భాగం భూమి కింద నడిచే ఎంఆర్‌టీ బ్లూ లైన్‌ని 2019లో పొడిగించాక సనమ్ చాయ్ అనే స్టేషన్ వచ్చింది, అక్కడ దిగితే వాట్ ఫో గుడి నడిచే దూరమే. ఇంటర్నెట్‌లో పాత బ్లాగులు చదివి "ప్యాలెస్‌కి ట్రైన్ లేదంట" అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, ఇప్పుడు ఆ సమస్య లేదు.

ఇప్పుడు ఏరియాల సంగతి. మనవాళ్ళలో ఎక్కువమంది, ముఖ్యంగా ట్రావెల్ ఏజెంట్ ద్వారా వెళ్ళేవాళ్ళు దిగేది ప్రాతునామ్‌లో. బైయోక్ టవర్ ఉండేది అక్కడే, మూడొందల మీటర్ల పైన ఎత్తు. చుట్టూ హోల్‌సేల్ బట్టల మార్కెట్లు, ప్లాటినమ్ మాల్, సందు సందుకీ ఇండియన్ హోటళ్ళు. ఇడ్లీ, దోశ, పప్పన్నం దొరకని భయం లేదు. పెద్దవాళ్ళు తోడుంటేనో, ఇంట్లో పెళ్ళికి ముందు బట్టలు కొనడానికి వెళ్తుంటేనో ప్రాతునామ్ కంటే సుఖమైన చోటు లేదు. రేట్లలో కూడా ఒక పద్ధతి ఉంది, ప్లాటినమ్‌లో చాలా షాపుల్లో ఒక పీస్‌కి ఒక రేటు, మూడు తీసుకుంటే ఇంకో రేటు, కాబట్టి అక్కాచెల్లెళ్ళు ముగ్గురూ కలిసి ఒకే షాపులో కొంటే బాగా కలిసొస్తుంది.

ప్రాతునామ్‌తో ఇబ్బంది ఏంటంటే ఆ జంక్షన్ పొద్దున్నుంచి రాత్రి దాకా జామే, బీటీఎస్ స్టేషన్ కూడా పక్కనే ఉండదు, చిట్ లోమ్‌కో రాచథేవీకో పావుగంట పైనే నడవాలి, ఆ ఎండలో పిల్లలతో అంటే అది అరగంట కింద లెక్క. అయినా రెండు దార్లు ఉన్నాయి, ఏజెంట్లు ఎక్కువగా చెప్పరు. ఒకటి, ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే రైలుకి రాచప్రారోప్ అనే స్టేషన్ ఉంది, బైయోక్ దగ్గరి హోటళ్ళకి అక్కణ్ణుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. రెండోది కాలవ బోటు. ప్రాతునామ్ బ్రిడ్జి కింద సేన్ సేప్ కాలవలో ఊళ్ళో జనం ఆఫీసులకి వెళ్ళే బోట్లు తిరుగుతుంటాయి, ఇరవై బాట్ (థాయ్ డబ్బు) లోపే టికెట్, పాత ఊరి మొదట్లో ఫాన్ ఫా రేవు దగ్గర దింపుతుంది. కార్లో గంట పట్టే దారి పావుగంటలో అయిపోద్ది. నీళ్ళు వాసనొస్తాయి, బోటు ఆగీ ఆగకముందే దూకి దిగాలి, పెద్దవాళ్ళకీ చిన్నపిల్లలకీ వద్దు, మిగతావాళ్ళు తప్పక ఎక్కండి. సాయంత్రం పెందలాడే ఆపేస్తారు, ముఖ్యంగా శని, ఆదివారాల్లో, అది గుర్తుపెట్టుకోండి.

సుకుమ్విత్ అంటే చాలా పొడుగు రోడ్డు కాబట్టి సుకుమ్విత్‌లో హోటల్ అంటే ఏమీ చెప్పనట్టే. నానా, అసోక్, ఫ్రోమ్ ఫోంగ్ అని వరసగా స్టేషన్లు. ఫస్ట్ టైమ్ విదేశం వెళ్ళే కుటుంబానికి నేనైతే అసోక్ లేదా ఫ్రోమ్ ఫోంగ్ చెప్తా. అసోక్‌లో బీటీఎస్, ఎంఆర్‌టీ రెండూ కలుస్తాయి కాబట్టి ఊళ్ళో ఎటైనా ఒక రైలు, మహా అయితే ఒక మార్పు. స్టేషన్‌కి అతుక్కునే టెర్మినల్ 21 మాల్ ఉంది, ఒక్కో ఫ్లోర్ ఒక్కో ఊరి పేరుతో అలంకరించి ఉంటుంది, పిల్లలకి భలే నచ్చుతుంది, పైన ఫుడ్ కోర్టులో రేట్లు బయట బండి మీద రేట్లకి దగ్గరగా ఉంటాయి. కాస్త నడిస్తే బెంజకిట్టి పార్కు, పాత పొగాకు ఫ్యాక్టరీ స్థలాన్ని చెరువులు, చెట్ల మధ్య ఎత్తుగా కట్టిన నడక దారులతో అడవిలా మార్చి 2022లో తెరిచారు. పొద్దున్నే లేచే అలవాటున్న నాన్నగారు లాంటివాళ్ళు తోడుంటే ఆరు గంటలకి అక్కడికి తీసుకెళ్ళండి, ఆయనకి ట్రిప్‌లో అదే బాగా గుర్తుండిపోవచ్చు.

నానా మాత్రం వేరు. అక్కడ సోయ్ (అంటే మన సందు) 4లోనూ, అసోక్ దగ్గర సోయ్ కౌబాయ్ అనే సందులోనూ రాత్రి పూట బార్లు, అమ్మాయిల వ్యాపారం బహిరంగంగానే నడుస్తుంది. హోటల్ సైట్లలో రూమ్ ఫోటోలు చూసి, రేటు తక్కువని కుటుంబంతో ఆ సందుల్లో బుక్ చేసుకుంటే రాత్రి భోజనానికి బయటికెళ్ళి వచ్చేటప్పుడు ఇబ్బంది పడతారు. బుక్ చేసేముందు మ్యాప్‌లో సోయ్ నంబర్ చూసుకోండి, సరి సంఖ్యలు ఒక పక్క, బేసి సంఖ్యలు ఇంకో పక్క.

ఇక నా ఓటు దేనికంటే, సఫాన్ తాక్సిన్ స్టేషన్ చుట్టుపక్కల, నది ఒడ్డుకి. అక్కడ మాండరిన్ ఓరియంటల్, షాంగ్రీలా లాంటి పెద్ద పెద్ద హోటళ్ళు ఉన్నాయి కాబట్టి అందరూ అదేదో డబ్బున్నవాళ్ళ ఏరియా అనుకుని చూడరు. కానీ వెనక చరోన్ క్రుంగ్ రోడ్డు సందుల్లో, సాథోన్ వైపు మామూలు బడ్జెట్ హోటళ్ళు చాలానే ఉన్నాయి. ఇక్కడ దిగితే పైన బీటీఎస్, పది పన్నెండు నిమిషాల్లో సియామ్. మెట్లు దిగితే సాథోన్ రేవు, నది బోట్లన్నిటికీ అదే మెయిన్ స్టాప్ లాంటిది. వీకెండ్‌కి వెళ్ళినవాళ్ళు చూడాల్సిన పాత ఊరంతా నది వెంబడే ఉంది కాబట్టి ట్రాఫిక్ అన్నమాటే లేకుండా పని అయిపోద్ది.

రేవులో ఒక్క విషయం చూసుకోండి. కౌంటర్ దగ్గర నీలం జెండా టూరిస్ట్ బోటు టికెట్ కొనమని పిలుస్తుంటారు, అదీ మంచిదే, కూర్చోవడానికి చోటు ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు ఎక్కేది నారింజ జెండా బోటు, ఎంత దూరమైనా ఒకటే టికెట్, 16 బాట్. బోటు వెనక నిలబడే మనిషి ఈలలు వేస్తూనే ఉంటాడు, ఒక్కో ఈలకీ ఒక్కో అర్థం, దాన్నిబట్టే డ్రైవర్ బోటుని రేవుకి చేరుస్తాడు. కండక్టరమ్మ చేతిలో పొడుగాటి రేకు డబ్బా పట్టుకుని టకటకలాడిస్తూ వస్తుంది, చిల్లర వేస్తే అందులోంచే టికెట్ చింపి ఇస్తుంది. థా చాంగ్ రేవులో దిగితే గ్రాండ్ ప్యాలెస్. అది చూసి వాట్ ఫోకి నడిచి, అక్కణ్ణుంచి థా తియెన్ రేవులో చిన్న ఫెర్రీ ఎక్కితే నది అవతల వాట్ అరుణ్ గుడి. ఈ మూడూ ఒకే పూటలో అయిపోతాయి, పొద్దున్నే మొదలుపెడితే. ప్యాలెస్‌లోకి ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకానే రానిస్తారు, షార్ట్స్, స్లీవ్‌లెస్ వేసుకుంటే లోపలికి పంపరు. టికెట్లు ఇప్పుడు ప్యాలెస్ 500, వాట్ ఫో 300, వాట్ అరుణ్ 200 బాట్, అంటే మనిషికి మన డబ్బుల్లో రెండున్నర వేల పైమాటే, నలుగురు వెళ్తే ముందే లెక్క వేసుకోవాలి.

డబ్బులు చూసుకుని ఏదో ఒకటే వెళ్దాం అనుకుంటే చాలామంది వాట్ ఫోకి వెళ్ళమంటారు, 46 మీటర్ల పొడవు పడుకున్న బుద్ధుడు, టికెట్ కూడా తక్కువ. మనవాళ్ళకి మాత్రం నేను ప్యాలెసే చెప్తా. లోపల పచ్చ బుద్ధుడి గుడి చుట్టూ ప్రాకారం గోడల మీద రామాయణం మొత్తం బొమ్మలుగా వేసి ఉంటుంది, 178 ఘట్టాలు. వాళ్ళ రామాయణం పేరు రామకియెన్. ఎక్కువమంది టూరిస్టులు పచ్చ బుద్ధుణ్ణి చూసి, బంగారు గోపురం దగ్గర ఫోటో దిగి వెళ్ళిపోతారు, ఆ వసారా ఖాళీగానే ఉంటుంది, నీడ కూడా. మైరావణుడి కథ మన ఇళ్ళలో చెప్పేదే కదా, మన కథలో హనుమంతుడు తోకతో కోట కట్టి రాముణ్ణి కాపాడతాడు. అక్కడ గోడ మీద హనుమంతుడు కొండంత పెరిగి, రాముడున్న విడిదిని ఏకంగా నోట్లో పెట్టుకుని కాపలా కాస్తుంటాడు. తెల్లటి ఒళ్ళు, మీద సన్నటి బంగారు గీతలు. ఆ బొమ్మ దగ్గర పిల్లల్ని నిలబెట్టి కథ చెప్పండి, గైడ్ అక్కర్లేదు, ఆ టికెట్‌కి న్యాయం జరిగేది అక్కడే.

ప్యాలెస్ బయట ఎవరైనా నీట్‌గా డ్రెస్ చేసుకుని వచ్చి "ఈరోజు మూసేశారు, వేరే గుడికి ఆటోలో తీసుకెళ్తా" అంటే నమ్మొద్దు. అది ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న మోసం, చివరికి రత్నాల షాపులోనో టైలర్ షాపులోనో తేలతారు. నేరుగా గేటు దాకా వెళ్ళి చూసుకోండి.

నది వైపు దిగితే ఇంకో లాభం, ఒక్క స్టేషన్ అవతల సురసాక్. అక్కణ్ణుంచి నడిచే దూరంలో సిలోమ్ రోడ్డు మీద మహా మారియమ్మన్ గుడి, పందొమ్మిదో శతాబ్దంలో తమిళులు కట్టించుకున్నది. అచ్చం మన దక్షిణాది గోపురం, పూలమ్మేవాళ్ళు, కొబ్బరికాయలు, లోపల సగం మంది థాయ్ భక్తులు. దసరాకి అక్కడ పెద్ద ఊరేగింపు తీస్తారు, ఆ రోజుల్లో వీకెండ్ కలిసొస్తే దానికోసమే వెళ్ళొచ్చు. ఇంకా కార్తీక పౌర్ణమి. వాళ్ళ లోయ్ క్రథోంగ్ పండగ కూడా సాధారణంగా ఆ పౌర్ణమికే వస్తుంది, అరటి బోదె ముక్క మీద ఆకులు, పూలు, కొవ్వొత్తి పెట్టి నదిలో వదులుతారు. అరటి దొప్పల్లో దీపాలు వదిలే అలవాటున్న మనకి ఆ రాత్రి పరాయి ఊళ్ళో ఉన్నట్టే అనిపించదు. హోటల్ రేట్లు పెరుగుతాయి, నది పక్కవి ముందే అయిపోతాయి, కాబట్టి రెండు నెలల ముందే చూసుకోండి.

పాత ఊళ్ళోనే, కావ్ సాన్ రోడ్డు దగ్గర దిగడం కుర్రాళ్ళకి ఓకే. చవక, రాత్రంతా సందడి. దగ్గర్లో రైలు లేదు, నిద్ర ముఖ్యమైతే వద్దు. సియామ్‌లో దిగడం అన్నిటికంటే సులువు, కానీ ఆ రేటు పెట్టి మాల్స్ మధ్య ఉండటం ఎందుకో నాకు అర్థం కాదు, పది నిమిషాల్లో రైలు ఎక్కి రావచ్చు కదా.

రెండో రోజు ఏం చేయాలన్నది ఇంకో పెద్ద చర్చ. ప్యాకేజీల్లో ఎప్పుడూ పట్టాయా కలిపేస్తారు. దూరం సుమారు 150 కిలోమీటర్లు, పోను రెండు గంటలు, రాను రెండు, దీవికి బోటు, అక్కడ లైన్. నాలుగు రోజులుంటే వెళ్ళండి, రెండు రోజులకైతే ఖచ్చితంగా వద్దు. డామ్నోన్ సదువాక్ ఫ్లోటింగ్ మార్కెట్ కూడా వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఫోటోలకి బాగుంటుంది, రేట్లన్నీ టూరిస్టులకే. నీళ్ళ మీద మార్కెట్ చూడాలని ఉంటే ఊళ్ళోనే తలింగ్ చాన్ ఉంది, శని, ఆదివారాల్లోనే పెడతారు, చిన్నదే కానీ ఊళ్ళోవాళ్ళు తినడానికి వచ్చే చోటు. అయుత్తయ మీద ఇష్టముంటే అది వేరే విషయం, 1767లో బర్మా సైన్యం తగలబెట్టేదాకా నాలుగు వందల ఏళ్ళ పైన రాజధాని, పేరు కూడా మన అయోధ్య మీదే పెట్టుకున్నారు, రైల్లో గంటన్నర అటూ ఇటూ. చరిత్ర ఇష్టపడేవాళ్ళకి రెండో రోజు మొత్తం దానికే ఇచ్చేయమని చెప్తా, షాపింగ్ వదులుకుని.

షాపింగ్ కావాలంటే చతుచక్ మార్కెట్. శని, ఆదివారాల్లో పూర్తిగా తెరిచేది కాబట్టి వీకెండ్ ట్రిప్‌కి సరిగ్గా సరిపోద్ది. బీటీఎస్ మో చిట్ లేదా ఎంఆర్‌టీ కంఫేంగ్ ఫెట్‌లో దిగాలి. బట్టలే కావాలంటే ప్లాటినమ్‌లో ఏసీ ఉంది, అక్కడే హాయి. చతుచక్ దేనికంటే మట్టి సామాన్లు, చెక్క పనులు, మొక్కలు, చేతి సబ్బులు, ఇంట్లోకి అలంకరణలు, ఇలాంటివి. పది గంటలకల్లా వెళ్ళి ఒంటిగంటకి బయటపడండి, రేకుల కింద వేడి అలా ఉంటుంది. నచ్చిన షాపు కనపడితే అక్కడే కొనేయండి, తర్వాత వద్దామంటే ఆ సందు మళ్ళీ దొరకదు, లేదంటే సెక్షన్ నంబర్ ఫోటో తీసి పెట్టుకోండి.

తిండి విషయం మాంసాహారులకి చెప్పక్కర్లేదు, శనివారం రాత్రి ఎంఆర్‌టీలో వాట్ మంగ్కోన్ దిగి చైనా టౌన్ యావరాత్ రోడ్డుకి వెళ్ళిపోండి. శాకాహారులే జాగ్రత్తగా ఉండాలి, కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ వేస్తారు, వెజిటేరియన్ అంటే తల ఊపి మరీ వేస్తారు. "జే" అని అడగండి, పసుపు బోర్డు మీద ఎర్రటి అక్షరంతో ఉంటుంది, ఆ షాపుల్లో మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. పండ్లు, మామిడిపండుతో తియ్యటి అన్నం, బొప్పాయి కాయ తురుము పచ్చడి చేపల సాస్ లేకుండా చేయించుకుంటే, వీటితో రెండు రోజులు హాయిగా గడిచిపోద్ది.

ఎయిర్‌పోర్టులు రెండు. సువర్ణభూమి, డాన్ మ్యూయాంగ్. టికెట్ వెయ్యి రూపాయలు తక్కువని డాన్ మ్యూయాంగ్ తీసుకునేముందు మీ హోటల్ ఎక్కడో చూడండి. సువర్ణభూమి నుంచి రైలు 45 బాట్ లోపే, అరగంటలో ఊళ్ళోకి తెస్తుంది. అసోక్ వెళ్ళేవాళ్ళు మక్కసాన్‌లో దిగి పక్కనే ఎంఆర్‌టీ ఎక్కితే ఒక్క స్టేషనే, నది వైపు వెళ్ళేవాళ్ళు చివరి దాకా ఫాయా థాయ్ వెళ్ళి బీటీఎస్ ఎక్కాలి, సియామ్‌లో ఒకసారి మారాలి. డాన్ మ్యూయాంగ్ నుంచి 2021లో మొదలైన రెడ్ లైన్ ఉంది, బాంగ్ స్యూ దగ్గర ఎంఆర్‌టీకి మారొచ్చు. చతుచక్ వైపు దిగేవాళ్ళకైతే డాన్ మ్యూయాంగే దగ్గర. నలుగురు, పెద్ద సూట్‌కేసులు ఉంటే పొద్దున్నే ఆరింటికి టాక్సీ కూడా తప్పు లేదు, ఆ టైమ్‌లో రోడ్లు ఖాళీ. డబ్బు మార్చుకోవడం అరైవల్ హాల్లో వద్దు, సువర్ణభూమిలో కింద రైలు స్టేషన్ పక్కన కౌంటర్లు ఉన్నాయి, మంచి రేటు ఇస్తారు.

2023 నవంబర్‌లో ఇండియన్ పాస్‌పోర్టుకి టూరిస్ట్ వీసా అక్కర్లేకుండా రానివ్వడం మొదలుపెట్టారు, కానీ ఆ రూల్స్ మారుతుంటాయి, టికెట్ కొనేముందు థాయ్ ఎంబసీ సైట్‌లో చూసుకోండి. 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డ్ తప్పనిసరి, వెళ్ళే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, పూర్తిగా ఫ్రీ. డబ్బులడిగే సైట్ కనపడితే అది గవర్నమెంటుది కాదు, మూసేయండి. ఈ-సిగరెట్లు అక్కడ నిషేధం, బ్యాగులో ఉంటే ఇంట్లోనే వదిలేయండి.

ఆదివారం పొద్దున రూమ్ ఖాళీ చేసేటప్పుడు బ్యాగులు హోటల్‌లోనే ఉంచమంటే మామూలుగా ఉంచుతారు, ఊరంతా ఈడ్చుకుని తిరగక్కర్లేదు, హోటల్ స్టేషన్ పక్కన ఉండాలని మొదట్లో చెప్పింది ఇందుకు కూడా. మే నుంచి అక్టోబర్ దాకా సాయంత్రం వానలు, ఒక్క వాన పడితే టాక్సీలు దొరకవు, దొరికినా కదలవు. రాత్రి పదకొండున్నర ఫ్లైట్ అయితే ఏడింటికల్లా బ్యాగులు తీసుకుని స్టేషన్‌లో ఉండండి.